జోసఫ్‌గారి సుగరు

మళ్ళీ కాకరకాయేనా, నవోమీ?

సరే, పెట్టు. స్టవ్ మీద వద్దు, బల్ల మీద పెట్టు. కూర్చో. ఆయన పైన పడుకున్నారు. ఆఁ, అదే, సుగరు. చైనావాళ్ళ కొట్టులో దొరికాయా? ఆ తెల్లటి లావుపాటి కాయలేగా. వాటికి చేదు కూడా సరిగ్గా ఉండదు. ఈ దేశంలో కాకరకాయకి కూడా మొహమాటమే.

నా మొహం ఇలా ఉందేమిటంటావా? శనివారం పూట పొద్దున తొమ్మిదింటి నుంచి కమ్యూనిటీ కాలేజీలో కూర్చుని వస్తే నీ మొహం మాత్రం ఎలా ఉంటుంది? నా కౌన్సెలర్ సర్టిఫికెట్ రెన్యూ కావాలంటే ఏటా ఇన్ని గంటలు క్లాసులకి వెళ్ళాలి. ఇవాళ ఆరు గంటలు. సబ్జెక్టేమిటో తెలుసా? తాగుడు. పన్నెండేళ్ళుగా కౌంటీ తరఫున తాగుబోతుల కొంపలెక్కి దిగుతున్నదాన్ని కూర్చోబెట్టి, తాగుడంటే ఏమిటో చెప్పారు.

నవ్వకు. నాకు అసహ్యం వేసింది. కిటికీలు తెరుచుకోని గదిలో ముప్ఫైమందిమి. వ్యసనం మాన్పించే పాఠమేగా, పొగకి ఎదుటివాడి మొహం కనిపిస్తే ఒట్టు! పక్కనావిడ డోనట్ తింటూనే సిగరెట్టు, సిగరెట్టు కాలుస్తూనే కాఫీ. ముందు వరసలో ఒకాయన టై సర్దుకుని మరీ నిద్రపోయాడు. వాడికీ ఆరు గంటలే, నాకూ ఆరు గంటలే. కూర్చున్నదానికే గానీ తలకెక్కినదానికి కాదుగా క్రెడిట్టు.

పాఠం చెప్పేవాడి పేరు గారీ. "నా పేరు గారీ, నేను తాగుబోతుని, మానేసి పదకొండేళ్ళు" అన్నాడు. వెంటనే అందరూ ఒక్క గొంతుతో "హాయ్ గారీ!" అచ్చం మన దైవాశీర్వాదం పాస్టరుగారు ఒక మాట అనగానే మనమంతా ఆమెన్ అన్నట్టు.

తరవాత బోర్డు మీద బొమ్మ గీశాడు. మధ్యలో తాగేవాడు, చుట్టూ ఇంటివాళ్ళు. వాడి వాంతి కడిగేది, వాడి బదులు ఫోన్లు చేసేది, వాడి తప్పుకి ఏదో ఒక మంచి పేరు పెట్టేది, ఆ మనిషిని ఎనేబ్లర్ అంటారట. దానికి తెలుగేమిటా అని కాసేపు ఆలోచించాను. ఇల్లాలు. అంతకంటే ఏముంది?

భోజనాలయ్యాక నాటకం. రోల్ ప్లే అంటారులే. నన్నే లేపాడు, ముప్ఫైమందిలో చీర కట్టుకున్నది కనిపించింది కదా! "నువ్వు భార్యవి. నీ మొగుడు తాగిన మైకంలో మంచం దిగలేకపోతున్నాడు. ఆఫీసుకి ఫోన్ చెయ్యి" అని పిల్లలాడుకునే ఎర్ర ప్లాస్టిక్ ఫోను చేతిలో పెట్టాడు.

చేశాను. నా ఆఫీసు గొంతులో. తొందర లేదు, తడబాటు లేదు. జ్వరం నూట ఒకటన్నాను. నూట మూడంటే డాక్టరు చీటీ తెమ్మంటారు, తొంభై తొమ్మిదంటే వచ్చెయ్యమంటారు. రేపొస్తారని మాటివ్వలేదు, "రేపు చూద్దాం" అన్నాను. బాసు వేషం వేసినావిడ ఒక ప్రొబేషన్ ఆఫీసరు. పాఠం ప్రకారం ఆవిడ నన్ను నిలదియ్యాలి. "అయ్యో పాపం, రెస్టు తీసుకోమనండి" అనేసింది! క్లాసంతా చప్పట్లు. నిద్రపోయేవాడు కూడా లేచి కొట్టాడు.

గారీ కొట్టలేదు. "ఈ భార్య ఇప్పటికి ఎన్నిసార్లు చేసింది ఈ ఫోను?" అన్నాడు.

నలభై ఒకటి అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు, భలే చమత్కారంగా చెప్పానని. సాయంత్రం సర్టిఫికెట్ చేతికిస్తూ గారీ మెల్లగా అడిగాడు, "ఏం జబ్బు పెట్టావు ఆయనకి?" అని. "మా ఆవిడ నాకు నడుంనొప్పి పెట్టింది. ఆరేళ్ళు బెల్టు కట్టుకు తిరిగాను" అన్నాడు.

డయాబెటిస్ అన్నాను.

లేవకు, నవోమీ. కూర్చో. అవును, విన్నది నిజమే. సుగరు లేదు. ఎన్నడూ లేదు. ఆయన పనిచేసేదే హాస్పిటల్ ల్యాబులో, ఊరందరి సుగర్లూ చూసే మనిషి!

ఎనభై ఒకటిలో, క్రిస్మస్ ఆరాధనలో చెయ్యి వణికి ద్రాక్షరసం పళ్ళెం జార్చేశారు, గుర్తుందా? గ్లాసులన్నీ దొర్లిపోయాయి. అందరూ నావంకే చూశారు. "సుగర్ డౌనయింది" అన్నాను. అనుకుని అనలేదు, వచ్చేసింది. నువ్వే పరిగెత్తుకొచ్చి లడ్డూ నోట్లో కుక్కావు. మర్నాటి నుంచి కాకరకాయ మొదలు. వేపుడు, పులుసు, కారప్పొడి. డౌనయితే లడ్డూ, ఎక్కితే కాకరకాయ. ఐదేళ్ళు నోరెత్తకుండా తిన్నారు, పాపం.

పాపమేమిటి, నా మొహం! పాస్టరుగారు ఆ లేని జబ్బు కోసం మోకాళ్ళూని ప్రార్థించారు. నేను లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను, సుగరు తగ్గిందని, దేవుడికి స్తోత్రమని. మైకులో, నవోమీ. నువ్వు కళ్ళు తుడుచుకున్నావు కూడా.

ఇప్పుడు తుడుచుకోకు. ఇంకా అసలుది చెప్పలేదు.

పోయిన నెల ఒక కేసు చూశాను. మొగుడు తాగి కారు నడుపుతాడు, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. తల్లికి తెలుసు. "తెలిసి కూడా తల్లి పిల్లల్ని కాపాడలేదు" అని రిపోర్టు రాశాను. జడ్జి ఆ వాక్యమే పైకి చదివి, పిల్లల్ని తీసుకెళ్ళి వేరేవాళ్ళింట్లో పెట్టమన్నాడు. కోర్టు బయట ఆ తల్లి నా కోటు పట్టుకుంది. "నీకు మొగుడు లేడా?" అంది. చెయ్యి విడిపించుకుని కారెక్కాను. ఇంటికొచ్చి ఈయనకి మజ్జిగ కలిపిచ్చాను.

పోయిన ఆదివారం ఈయన నడిపే చర్చి వ్యాను ఎవరింటి ముందుదో పోస్టుడబ్బాకి గుద్దుకుంది కదా. లోపల మీ పిల్లలు రేణు, ఉదయ్, ఇంకో ఐదుగురు. ఉడుత అడ్డొచ్చిందన్నారు. సండే స్కూల్లో రేణు బొమ్మ కూడా వేసింది, ఉడుతని కాపాడిన జోసఫ్ అంకుల్ అని. అదిగో, నా ఫ్రిజ్ మీదే ఉంది.

ఉడుత లేదు.

ఆ పొద్దున కాఫీ కప్పులో ఏముందో నాకు తెలుసు. కప్పు కడిగింది నేనే. నోట్లో లవంగాలు వేసింది నేనే. కోటు తొడిగి, భుజాలు దులిపి, వాకిట్లో ఉన్న వ్యాను ఎక్కించింది నేనే. అది మలుపు తిరిగేదాకా ఈ కిటికీలోంచే చూశాను. మీ ఇంటికే వెళ్తోందని తెలిసే చూశాను.

తిట్టు.

రేపు మళ్ళీ ఆదివారం. ఆయన లేస్తారు, గడ్డం గీసుకుంటారు, "ఈ ఒక్క వారం, వసంతా" అంటారు. నేను ఒప్పుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. ఆరు గంటలు కాదు, ఆరొందల గంటలు కూర్చోబెట్టినా ఒప్పుకుంటాను. అందుకే నీకు చెప్తున్నాను. నీకు చెప్తే పొద్దున్నకల్లా ఎడిసన్ ఊళ్ళో మనవాళ్ళందరికీ తెలుస్తుంది. నేను నిన్ను తిట్టటం లేదే, ఈసారికి అది మెచ్చుకోలే.

వెళ్తావా? అక్కా అని కూడా అనవా? సరే, నీ ఇష్టం.

ఆగు, గిన్నె మర్చిపోయావు. కూర పారేస్తున్నాను, ఏమీ అనుకోకు. ఇంక ఈ ఇంట్లో ఎవరూ తినక్కర్లేదు. ఒక్క నిమిషం, కడిగిస్తాను. మా అమ్మ అనేది, వండి తెచ్చిన గిన్నె ఖాళీగా పంపకూడదే, గుప్పెడు పంచదారైనా వెయ్యాలే అని.

ఇదిగో. మూత గట్టిగా పట్టుకో, గలగలమంటుంది. వ్యాను తాళాలు. రెండో జత కూడా అందులోనే ఉంది, ఆయన బూట్లో దాచుకున్నది.

మెట్ల మీద చప్పుడు. లేచినట్టున్నారు. వెళ్ళు, పక్క తలుపులోంచి వెళ్ళు. పిల్లల్ని రేపు నువ్వే తీసుకెళ్ళు.

సోమవారం ల్యాబుకి ఫోనంటావా? చేస్తానేమో. నలభై రెండు. అలా చూడకు. నీకు తాళాలిచ్చాను గానీ, నా నోరు ఇవ్వలేదుగా.