వక్తల మెడలో బతుకమ్మ పూలు

“మా బతుకమ్మకు పూలు లేకుంట చేసింది మీరే సారూ. తోటల ఒక్క బంతిపువ్వు మిగుల్చలే.”

సద్దుల బతుకమ్మ నాడు, బెల్లంపల్లిలో ఒక కళామందిరం తోటలో, బతుకమ్మను పేర్చే సిబ్బిపళ్లెం ఖాళీగా పట్టుకొని కార్యదర్శిని నిలదీసింది బొగ్గుగని కార్మికుని భార్య.

“వక్తలకు దండలెయ్యద్దా అవ్వా? పెద్ద పండితులొచ్చిన్రు.”

“గా చెట్లకు నీళ్లు మోసింది మా క్వార్టర్ల లైను ఆడోళ్లం. ఇంతకు ఏం చెప్తున్నరు పండితులు?”

“బతుకమ్మ గొప్పతనం.”

“మా పూలు మెడలేసుకొని చెప్తున్నరా?”

“జర మెల్లగ మాట్లాడు. పువ్వునే దేవతగ కొలిచే ఆడబిడ్డల గురించే చెప్తున్నరు.”

“గా ఆడబిడ్డలు గేటు బయట నిలబడ్డరు.”

“సభ అయినంక దండలు ఇప్పిస్త తియ్యి.”

“మగోళ్ల చెమట పట్టిన పూలు తల్లికి పెడ్తమా? పండితులను వేదిక దింపు. తలో గంప ఇస్త, అడవికి పోయి తంగేడు, గునుగు కోసుకరమ్మను. పొద్దుగూకకముందే రావాలె.”