సగం కాలిన కొర్రమట్ట

వరంగల్ కంటి దవాఖానలో, వాచిన రెప్పను తడిగుడ్డతో ఒత్తుకుంటున్న మొగుణ్ని చూస్తే మొగిలమ్మకు ఒళ్లు మండింది.

“అడవిపిల్లి కడుపుల ఉండే పురుగట. నీ కంట్లకెట్ల వచ్చిందయ్యా?”

“డాక్టర్ చెప్పిండు గద. పిల్లి పెంటకెల్లి నీళ్లల్లకు, నీళ్లకెల్లి చేపలకు.”

“చేపలకెల్లి నీకు. కల్లుమండువకాడ తాటాకు మంటల సగం కాల్చిన కొర్రమట్ట మెక్కితివి. ఇంటికి తెస్తే పులుసు పెట్టకపోదునా?”

“లొల్లి చెయ్యకు. అందరు ఇంటాండ్రు.”

“ఇననియ్యి. రేపు కన్ను పోతే ఆటో ఎవలు నడుపుతరు, నీ కల్లు దోస్తులా?”

అతడు తల వంచుకున్నాడు. “ఆ పొద్దు నీకు గూడ రెండు ముక్కలు ఆకుల చుట్టుకొస్తి. బాగున్నయని తింటివి.”

మొగిలమ్మ దిగ్గున లేచి డాక్టర్ గది తలుపు తోసింది.

“సార్, నన్ను గూడ చూడుండ్రి. ఈ మారాజు నాకు గూడ తినవెట్టిండు.”