సేవ్ అయింది

కుదరదంటే? ఏం కుదరదయ్యా? మళ్ళీ చెప్పు. "వేగం కావాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి వదినా" అంటావా? వదులుకోడానికి నీకు మీ అమ్మ గొంతే దొరికిందా?

ఛీ! ముందు ఆ నవ్వు ఆపు. సిగ్గుతోనే నవ్వుతున్నావు, తెలుసు. అయినా ఆపు.

ఇలా రా. నువ్వు రాసిన సాఫ్ట్‌వేరే, నీ కళ్ళతోనే చూడు. పొద్దున తెరిచాను. ఎంత ముచ్చటగా తెరుచుకుందో! రికార్డింగు ప్రోగ్రాం వచ్చింది, మిక్సర్ వచ్చింది, ఎకో వచ్చింది. ఏ మీట ఎంత తిప్పానో అంతే ఉంది. "అత్తయ్య, మూడో పాట" అని నేను పెట్టిన పేరు కూడా ఉంది. ప్లే నొక్కాను. చప్పుడు లేదు! అన్నీ ఉన్నాయి గానీ అయిదోతనం లేదని ఊరికే అన్నారా?

సెషన్ సేవ్ చేసిందంటే నాలాంటిది ఏమనుకుంటుంది? పాట దాచిందనుకుంటుంది. నీదేమో పాట ఎక్కడుందో అడ్రస్ మాత్రం రాసుకుంటుందట! ఇంట్లోవాళ్ళు ఖాళీ చేసి పోయినా సరే, నీకు డోర్ నంబరుంటే చాలు.

మీ అమ్మ గొంతు ఆపరేషన్‌కి ముందు వారం మన స్టూడియో డిస్క్ నిండిపోయింది. మైకులు అద్దెకిచ్చే ఆయన్ని అడిగి ఓ డిస్క్ తెచ్చాను. ఆ వారం ఆవిడ పాడినవన్నీ అందులోకే ఎక్కించాను. సేవ్ నొక్కితే "సేవ్ అయింది" అని పచ్చగా వెలిగింది. చిటికెలో! నమ్మాను. డిస్క్ తిరిగిచ్చేశాను. ఆయన శుభ్రంగా తుడిచేసి దాని మీద ఏదో సబ్బు ప్రకటన రికార్డు చేసుకున్నాడు. ఆయన్నేమనను? ఆయన డిస్క్, ఆయనిష్టం.

మీ అన్నయ్యకి చెప్పాను. "పోనీలే, మళ్ళీ పాడిద్దాం" అన్నాడు, పేపర్లోంచి తలెత్తకుండా. తర్వాత గుర్తొచ్చింది కాబోలు, పేపర్ మడిచి పక్కన పెట్టేశాడు.

అసలు "బయటి డిస్క్‌లో ఫైళ్ళున్నాయి, కాపీ చెయ్యనా?" అని ఒక్క ముక్క అడిగి చావొచ్చు కదా నీ సాఫ్ట్‌వేరు?

ఏంటీ? ఇదివరకు అడిగేదా? తీసేశావా? ఎవరు తీసెయ్యమన్నారు?

నేనా?

సరే, అన్నాను! సేవ్ నొక్కిన ప్రతిసారీ ఈ ప్రశ్నలేంటి, ప్రాణం తోడేస్తోందన్నాను. అంటాం! పని తొందరలో ఉన్నవాళ్ళం వంద అంటాం. పసిపిల్ల కత్తి కావాలని ఏడిస్తే చేతికిచ్చేస్తావా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నువ్వు వాణ్ణి మించిపోయావు, నా భుజాలు తడుముతున్నావు!

అటు చూడు, రికార్డింగు గది అద్దం అవతల, మీ అమ్మ. పొద్దుట్నుంచీ హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని కూర్చుంది. అద్దం మీద వేలితో కొడుతోంది చూశావా? ఇప్పుడు ఆవిడ మాటంటే అదే. "పెట్టవే, వింటాను" అని.

నువ్వేంటి, కంప్యూటర్ దగ్గరికి లాక్కున్నావు? ఆ ప్రశ్న మళ్ళీ పెట్టేస్తావా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటావా? అక్కర్లేదు, ముట్టుకోకు. మధ్యాహ్నం డబ్బింగ్‌వాళ్ళొస్తున్నారు, వాళ్ళ డిస్క్‌తోనే. మాటమాటకీ సేవ్ చెయ్యాలి. ప్రతిసారీ అది కాపీలు చేసుకుంటూ కూర్చుంటే వాళ్ళు పక్క స్టూడియోకి పోతారు.

అసహ్యమేస్తోందయ్యా. నీ మీద, నా మీద, వెలిగి చచ్చే ఆ పచ్చ దీపం మీద. అయినా అలాగే ఉండనీ.

లే. నీ తల్లి, నీ సాఫ్ట్‌వేరు. వెళ్ళి నువ్వే చెప్పు.

భయమెందుకు? తిట్టాలన్నా ఆవిడకి గొంతు లేదుగా.