మధ్యగోడ

పొదిలిలో అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు. అన్న వాటాలో వైఫై బిగించడానికి వచ్చినతను మధ్యగోడ మీద చెయ్యి వేసి చూశాడు.

“ఇక్కడ పెడితే ఇల్లంతా సిగ్నల్ వస్తుందండి.”

“వద్దు. అటు మా తమ్ముడింటికీ పోద్ది. ఆ మూల పెట్టు. ఈ గోడకి మిర్చి బస్తాలు అడ్డం పేరుస్తా.”

“పాస్‌వర్డ్ ఉంటుందిగా, ఆయనెలా వాడతారండీ?”

“వాడి సంగతి నీకు తెలీదయ్యా. దొంగబుద్ధి వెధవ!”

“నిన్న వాళ్ళింట్లోనూ నేనే పెట్టానండి. సరిగ్గా ఈ గోడకే, అవతలి వైపు.”

“ఈ గోడకెందుకు?”

“మీ పాప చదువుకి ఇటు కూడా రావాలన్నారు. పాస్‌వర్డ్ కూడా పాప పేరే పెట్టించారు.”

“...ఇందాక నేనన్నది వాడికి చెప్పకయ్యా.”

“నేను చెప్పనండి. కానీ గోడ ఒక్క ఇటుక మందమే. మీరు ఆ మాట అనగానే అవతల టీవీ ఆగిపోయింది.”