పసిబిడ్డల పిండికి కాపలా కాసిన వనజాక్షి గారు

1992 ఆగస్టు మూడవ తేదీన, తలలో కనకాంబరాలతో, చేతిలో నియామక పత్రంతో అనంతపురంలోని మా ఆహార పరీక్షాశాలలో అడుగుపెట్టిన శ్రీమతి వనజాక్షి గారు, దాదాపు ముప్పైనాలుగేళ్ల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి పదేళ్లు పాలు, నూనెలు, కారంపొడి పరీక్షించిన ఆమెకు, తదుపరి వేరుశనగలో బూజు విషాన్ని పట్టే బాధ్యత అప్పగించారు. నాటి నుండి చీకటిగదే ఆమె లోకం. నమూనా నుంచి తీసిన సారాన్ని గాజుపలకపై చుక్కగా పెట్టి, అతినీలలోహిత దీపం కింద చూసినప్పుడు నీలిచుక్క వెలిగితే విషమున్నట్టే. సాయంత్రాలు మేమంతా ఉడికించిన వేరుశనగ కాయలు ఒలుచుకుంటుంటే ఆమె దూరంగా కూర్చొని టీ తాగేవారు. శెనక్కాయను చూస్తే ఆవిడకు ముందు అనుమానం, ఆ తరువాతే ఆకలి అని వేళాకోళం చేసేవాళ్లం.

2016లో ఉరవకొండ దగ్గరి ఒక పల్లె మహిళా సంఘం, ఆరు నెలలు దాటిన బిడ్డల కోసం చేసిన రాగి, వేరుశనగ పిండి నమూనా మా వద్దకు వచ్చింది. సంఘానికి పెద్ద బయమ్మ గారు, వనజాక్షి గారికి సాక్షాత్తూ వదిన, సొంత అన్న భార్య. భర్త గతించిన పిదప వనజాక్షి గారికి దిక్కల్లా ఆ పుట్టిల్లే. ఆమె మూడుసార్లు పరీక్షించారు, మూడుసార్లూ నీలిచుక్కే. మేలు గింజ అంగడికి, ముడతపడి రంగు మారిన గింజ ఇంటికి అన్నది ఆ ఇంటి అలవాటు. చిన్ననాడు ఆ గింజలు ఏరినది తానే; ఈ పిండిలో పడినవీ అవేనని ఆమె గ్రహించారు. పిండి పంచరాదని రాసి సంతకం చేశారు.

బయమ్మ గారు కార్యాలయానికే వచ్చారు.

"మేం పుట్టినప్పట్నుంచీ తింటాండాం, సచ్చినామా? వేయించినాక ఇంగ బూజేముంటాది?"

"బూజు పోతాది, విషం పోదు వదినా. ఆ బిడ్డల కాలేయాలు చెడిపోతాయి."

"మా సంఘం మూయించినావు. ఇంగ మా గడప తొక్కొద్దు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈమె రచ్చ గెలిచి ఇల్లు పోగొట్టుకున్నారు. అన్న నారాయణ గారు ఒక్క మాటైనా కలపకుండానే కన్నుమూశారు. కడచూపునకు వెళ్తే కూర్చోమన్నవారు లేరు. ఆ సాయంత్రమే బస్సులో తిరిగివచ్చి, మరునాడు యథావిధిగా చీకటిగదిలోకి నడిచారు. ఆ పదేళ్ల ఒంటరితనాన్ని చూస్తూ మేమూ ఊరకున్నాం; అందుకు సిగ్గుపడుతున్నాం.

పోయిన వారం బయమ్మ గారు చిన్న సంచితో వచ్చి నిలబడ్డారు.

"మనవనికి ఆరో నెల. మేలు గింజలే ఏరి పిండి పట్టిచ్చినా. నువ్వు సూసి బాగుండాదంటేనే పెడ్తాం."

"రసీదు తీసుకో వదినా" అని మాత్రం అన్నారు వనజాక్షి గారు. ఉద్యోగంలో ఆమె చివరి నమూనా అదే. పలకపై చుక్క వెలగలేదు. నివేదిక అందుకొని బయమ్మ గారు, "ఆదివారం బిడ్డకు అన్నం ముట్టిస్తాం. తొలి ముద్ద నువ్వే పెట్టాల" అన్నారు.

ఆ బిడ్డ పెరిగి, తన చేత్తో శెనక్కాయ ఒలిచి ఈ వనజాక్షి అవ్వ నోట పెడితే, ఆమె అనుమానించకుండా నమిలే దినాలు ఎన్నెన్నో రావాలని, అందుకు తగిన ఆయురారోగ్యాలు వనజాక్షి గారికి నిండుగా కలగాలని మా అందరి ఆకాంక్ష.