పచ్చ టేపు

మొయినాబాద్‌లో శిష్యురాలి డాబా మీద, ఆమెకు హామ్ రేడియో నేర్పిన గురువు నిలబడి ఉన్నాడు. ఆమె యాంటెన్నా కేబుల్ కనెక్టర్‌ను విప్పింది.

"లోపల నీళ్లున్నయ్ సార్. సోల్డరింగే చెయ్యలే."

"బజారు సరుకు గట్లనే ఉంటది."

"సరుకు మంచిదే సార్. ఉత్తగ ఒత్తి, పైన పచ్చ టేపు చుట్టిండ్రు."

తాను బిగించిన ప్రతి కనెక్టర్ మీద పచ్చ టేపు చుట్టడం ఆయన గుర్తు. ఇప్పుడూ జేబులో ఉంది.

"మొన్న వాగు పొంగిన నాడు చేవెళ్లల ఉన్న మీకు నా మాట సక్కగ అందలే. 'ఈ పిల్లకు మాట్లాడుడే రాదు' అని రేడియోల అందరు వినంగ అన్నరు."

ఆయన తల వంచుకున్నాడు.

"తప్పు నాదే బిడ్డా. తొందరల చేసిన. మైకియ్యి, అందరు వినంగనే చెప్త."

"ముందు సోల్డరింగ్ చెయ్యుండ్రి సార్. లేకుంటే మీ మాట గూడ ఎవ్వరికీ వినవడదు."