చేత్తో చూసిన డాక్టరమ్మ

1974 జూలై ఎనిమిదో తేదీన వినుకొండలో పశువైద్యులుగా బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ జయకుమారి గారు, ముప్పై నాలుగేళ్ల నిరంతర సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఒంగోలు గిత్తకూ ముర్రా గేదెకూ దక్కే ఆదరణ పందికి దక్కని కాలంలో, దాని పెంపకందారుల వాకిలికి స్వయంగా నడిచి వెళ్లిన అరుదైన వైద్యులు వారు.

ఆ తరువాత చీరాల ప్రాంతంలో పనిచేసినప్పటి తమ పొరపాటును శిక్షణ తరగతుల్లో వారే దాచకుండా చెప్పేవారు. చచ్చిన పందులను కంచె ఇవతలి నుంచే చూసి, విషాహారమని రాసి వచ్చేశారట. వారం తిరక్కుండా మంద మొత్తం స్వైన్ ఫీవర్ అనే అంటురోగంతో తుడిచిపెట్టుకుపోయింది. "బురదను చూశాను గానీ పందిని చూడలేదు" అనేవారు.

పెదకాకాని, అమరావతి మీదుగా 1999లో వారు తిరిగి వినుకొండ చేరారు. ఆ అక్టోబరులో బుల్లయ్య అనే పెంపకందారుని పదకొండు పందుల్లో మూడు చనిపోయాయి. చూడి పంది మేత మానేసింది. పక్క చేలో రోశయ్య గారు మిరపకు పురుగుమందు కొట్టించి ఉన్నారు. డాక్టరు గారు వెళ్లేసరికి బుల్లయ్య కర్ర పట్టుకుని, చేను గట్టు మీద రోశయ్య గారిని నిలదీస్తున్నాడు.

"నీ మందు నీళ్లు తాగే చచ్చినయ్యి! నా కొంప ముంచావు గదరా!"

"నీ పందులు నా చేలో పొర్లుతుంటే నేనేమన్నా పిలిచానా? కర్ర దించి మాట్లాడు!"

"ఇద్దరూ ఆగండి. నన్ను చూడనివ్వండి" అంటూ వారు కంచె దాటారు.

పంది ఒళ్లు కాలిపోతోంది. విషం తిన్నట్టు నురగ గానీ వణుకు గానీ లేవు. స్వైన్ ఫీవర్‌లో లాగా చెవులు, పొట్ట ఊదారంగుకు తిరగలేదు. వెనుక కాళ్లు తూలడం లేదు. నల్లటి చర్మం మీద కంటికి ఏమీ కనిపించలేదు. బురద కడిగించి, వీపు మీద అరచేయి ఆనించి మెల్లగా జరిపారు. చేయి ఒకచోట ఆగింది.

"చేతికి గాయాలేం లేవుగా బుల్లయ్యా? అయితే ఇక్కడ పెట్టు."

"ఉబ్బుగా తగులుతందమ్మా... పేకముక్క మీద డైమన్ గుర్తల్లే!"

"అదే. ఎరిసిపెలాస్ అంటారు. విషానికి ఇట్లా బిళ్లలు కట్టవు. పెన్సిలిన్‌కి లొంగుతుంది. ముందు సబ్బుతో చెయ్యి కడుక్కో, మనుషులకీ అంటుతుంది."

ఊపిరి పీల్చుకున్న రోశయ్య గారు, పందికి పక్క వేయమని గోతాలు తెచ్చి పడేశారు. అవి మిరప గోతాలు. ఘాటుకు పందితో సహా అందరూ తుమ్మారు.

"ఏవండీ, జ్వరం చాలకనా ఈ తుమ్ములు?" అన్నారు డాక్టరు గారు. బుల్లయ్య ఫక్కున నవ్వాడు. కర్ర ఎప్పుడు కింద పెట్టాడో అతనికే తెలియదు. రోశయ్య గారు వెళ్లి ఈసారి పత్తి గోతాలు తెచ్చారు. మూడో రోజుకు చూడి పంది తొట్టిలో మూతి పెట్టింది. మిగిలిన ఎనిమిదీ బతికాయి.

విరమణ వార్త విని మొన్న బుల్లయ్య మన పశువైద్య కార్యాలయానికి వచ్చాడు. "ఇక మా పందుల్ని ఎవరు ముట్టుకుంటారమ్మా?" అన్నాడు. "తొమ్మిదేళ్లుగా ఊరూరా చెయ్యేసి చూస్తున్నావటగా, నువ్వు లేవూ?" అన్నారు వారు.

భర్త సురేంద్ర గారితో, కుమార్తె గీతాంజలితో వారు ఆయురారోగ్యాలతో నూరేళ్లు వర్ధిల్లాలి. ఇన్నాళ్లూ బురద కడిగి చూసిన ఆ చేతులు, ఇకపై కాస్త తీరికగా వారి ఇంటి మల్లెపాదును తడపాలి.